చుక్కలున్న చోట

నిశ్శబ్దమంటే నాకు పడదు. మా వృత్తిలో అది తప్పు కింద లెక్క. జీవితమంతా రేడియో ప్రకటనలు రికార్డు చేసినవాణ్ణి. సబ్బు ప్రకటనలో కాస్త ఖాళీ దొర్లిందంటే సబ్బుల కంపెనీవాడు కళ్లెర్రజేసేవాడు. వాడు డబ్బిచ్చేది మాటలకి, ఖాళీకి కాదు. అందుకని మాటకీ మాటకీ మధ్య గాలి కూడా దూరకుండా కత్తిరించడం నా చేతికి అలవాటైపోయింది. ఎదురుగా మనుషులు మాట్లాడుతున్నా ఇక్కడ కత్తిరించవచ్చు, అక్కడ కత్తిరించవచ్చు అని లోలోపల అనుకుంటూ ఉండేవాణ్ణి. మా ఆవిడ ఈ సంగతి కనిపెట్టేసింది. "నా మాటలు కత్తిరించకండి, పూర్తిగా వినండి" అని ఎన్నిసార్లు కసిరిందో.

ఆవిడ పోయాక ఇంట్లో కత్తిరించడానికి మాటలే లేకుండా పోయాయి. మాకు పిల్లలు లేరు. పొద్దున్నే లేచి టీవీ పెడతాను. స్నానానికి వెళ్తూ రేడియో కూడా పెడతాను. రెండూ ఒకేసారి మోగుతుంటే పక్కవాటావాళ్లు ముసలాయనకు చెవుడొచ్చిందని చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. చెవుడొస్తే ఈ బాధే ఉండేది కాదు. నా బాధంతా బాగా వినపడటమే. ఒంటరి ఇంట్లో కుళాయి చుక్క కూడా మనిషిని పలకరించినట్టే ఉంటుంది, లేచి వెళ్తే ఎవరూ ఉండరు.

ప్రార్థన సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే నన్ను పెద్ద భక్తుడనుకునే ప్రమాదం ఉంది. మా ఇంట్లో ప్రార్థన శాఖ ఆవిడది. నాది ఆమెన్ వరకే. ఆవిడ కళ్లు మూసుకుని గుక్క తిప్పుకోకుండా ప్రార్థిస్తుంటే, నేను చివర్లో సంతకం పెట్టినట్టు ఆమెన్ అనేవాణ్ణి. ఆవిడ పోయాక ఒకటి రెండుసార్లు మోకరించి చూశాను. ముందు మాటలేమీ లేకుండా ఉత్త ఆమెన్ అంటే ఏం బాగుంటుంది? లేచి మోకాళ్లు దులుపుకున్నాను. చర్చికి మాత్రం మానలేదు. అక్కడ నలుగురు కనిపిస్తారు, మైకులు సరిచేసే పనీ ఉంటుంది.

మా పాస్టరుగారు కుర్రవాడు. ఉత్సాహం పాలు ఎక్కువ. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు.

"అంకుల్, ఈ రోజుల్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. ఫోన్లో పెట్టుకుని వినేలా కొన్ని ధ్యానాలు చేద్దాం. కళ్లు మూసుకోమని, నెమ్మదిగా ఊపిరి పీల్చుకోమని, దేవుడు తమని ఎంతగా ప్రేమిస్తున్నాడో తలుచుకోమని ఒక గొంతు చెప్తూ ఉంటుంది. మధ్యమధ్యలో ఆపుతుంది. ఆపిన చోటే అసలు పని జరుగుతుంది."

ఆపిన చోట పనేమిటో నాకు అంతుబట్టలేదు గానీ, తలూపాను. చర్చి వెనక పాత కుర్చీలు పడేసే గది ఒకటి ఉంది. కుర్చీలు బయట పెట్టించి, గోడలకు పాత పరుపులూ దుప్పట్లూ కొట్టించి, మధ్యలో బల్ల వేసి, మైకు పెట్టాను. రికార్డింగు జరిగినంతసేపూ ఫ్యాను ఆపేయాలి, లేకపోతే దాని రొద దేవుడి మాటల్లో కలుస్తుంది. లోపల కూర్చుంటే మనిషి ఆవిరి మీద ఉడికినట్టే. శాంతి కోసం ఇంత చెమట కార్చాలని నాకు తెలియదు.

గొంతు కోసం పాస్టరుగారు ఒకావిడను తీసుకొచ్చాడు. రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా, చేతిలో ఫ్లాస్కుతో వచ్చింది. చూడగానే ఎవరో తెలియలేదు. "నమస్కారం" అనగానే తెలిసిపోయింది. ఈ ఊళ్లో బండెక్కిన ప్రతివాడూ ఆ గొంతు విని పరుగెత్తినవాడే. మొహం మాత్రం ఎవరూ చూసి ఉండరు.

మొదటి రోజు మా తిప్పలు చూడాలి. పాస్టరుగారు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆవిడ మొదలుపెట్టింది. "ప్రియమైన స్నేహితులారా, దయచేసి కళ్లు మూసుకోండి. ప్రభువు మీ హృదయంలోకి మరికొద్దిసేపట్లో..." అంటూ సాగదీసేసరికి, ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం మీదకో కూడా చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. నవ్వు ఆపుకోలేక చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసేశాను. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. తనూ నవ్వింది. "అలవాటు సార్. నోటికి పట్టాలు వేసేశారు" అంది. అలా పరిచయమైంది.

వారానికో మధ్యాహ్నం వచ్చేది. ఒక ధ్యానం చదివేది. అయ్యాక ఫ్యాను వేసుకుని, ఫ్లాస్కులో టీ చెరో కప్పు పోసేది. ఆవిడకూ ఎవరూ లేరు. పెళ్లి చేసుకోలేదు, తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది, తల్లీ పోయింది. ఆలస్యమైన బళ్ల గురించీ, ప్లాట్‌ఫారం మీద తప్పిపోయిన పిల్లల గురించీ చెప్పేది. నేను సబ్బుల కంపెనీవాళ్లను తిట్టేవాణ్ణి. ఆవిడ వచ్చే రోజున నేను గడ్డం గీసుకునేవాణ్ణి. దీన్ని పట్టుకుని మీరేవేవో ఊహించుకోకండి. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడే రోజు వారానికి అదొక్కటే ఉన్నప్పుడు, గడ్డం దానంతటదే గుర్తొస్తుంది. మిగతా రోజులన్నీ ఆ మధ్యాహ్నం కోసం గడిపేవాణ్ణి.

ధ్యానాలు బయటికి వెళ్లాయి. జనం వింటున్నారని పాస్టరుగారు మురిసిపోయాడు. మేమూ మురిసిపోయాం. ఆ తర్వాత ఒకరోజు ఆయన మొహం ముడుచుకుని గదిలోకి వచ్చాడు.

"అంకుల్, ఒక ముసలావిడ ఫోన్ చేసింది. ఏమందో తెలుసా? 'అయ్యా, నా పేరు చెప్పుకునేలోపే ఆ అమ్మాయి ముందుకెళ్లిపోతోంది. నాది కాస్త పొడుగు పేరు. నాలాంటిదాని కోసం కూడా కొంచెం ఆగమని చెప్పు' అంది. ఆగడమేంటి, అక్కడ చాలాసేపు ఆపమని రాశానే అనుకుని మొత్తం విన్నాను. ఒక్కచోట కూడా ఖాళీ లేదు. చుక్కలేవి అంకుల్?"

చుక్కల సంగతి చెప్పాలి. ప్రతి ధ్యానంలోనూ ఒక చోట పాస్టరుగారు వరసగా చుక్కలు పెట్టేవాడు. "ఇప్పుడు దేవుడు నిన్ను పిలుస్తున్నాడు" అని ఉంటుంది. తర్వాత బారెడు చుక్కలు. ఆ తర్వాత, "నువ్వంటే నాకు ప్రాణం. నువ్వేదో సాధించావని కాదు, నువ్వు నా బిడ్డవని." చుక్కలున్న చోట వినేవాళ్లు తమ పేరు తాము తలుచుకుని, దేవుడే ఆ పేరు పెట్టి పిలుస్తున్నాడని అనుకోవాలట. అనౌన్సరమ్మ అక్కడ బుద్ధిగా ఆగింది. ఆగిన ప్రతిచోటా నేను బుద్ధిగా కత్తిరించాను.

"చుక్కలంటే ఏమీ లేదనేగా. తీసేశాను" అన్నాను.

పాస్టరుగారు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దవాణ్ణి కాబట్టి తిట్టలేకపోయాడు. "అక్కడే కదా అంకుల్ దేవుడు మాట్లాడేది. ఆయన మాటే కోసేశారు" అని మాత్రం అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

కోసిన ముక్కలు దాచలేదు, ఖాళీలు మళ్లీ పెట్టాలి. అదేదో తేలికపని అనుకోకండి. ఉత్త శూన్యం తెచ్చి మధ్యలో పెడితే, వినేవాడికి ఫోన్ ఆగిపోయినట్టు ఉంటుంది. ప్రతి గదికీ దాని మౌనం దానికుంటుంది. అదే గదిలో, అవే తలుపులు మూసి, ఆ మనుషులే కదలకుండా మెదలకుండా కూర్చుంటే వచ్చే ఆ మౌనాన్నే రికార్డు చేసి, ఆ ముక్కల్ని అతకాలి. అంటే నేనూ ఆవిడా నోరు మూసుకుని, ఒకరికొకరు ఎదురుగా కూర్చోవాలి. నా ప్రాణానికి ఇంతకంటే శిక్ష లేదు.

ఆ మధ్యాహ్నం ఫ్యాను ఆపి, తలుపు మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చుంది. కాసేపటికి నాకు దగ్గొచ్చింది. మళ్లీ మొదలు. ఈసారి కుర్చీ కిర్రుమంది. మళ్లీ మొదలు. ఈసారి పెన్ను జారవిడిచాను. జారవిడిచాననే చెప్పాలి, అది దానంతటది జారలేదు.

"సార్, చిన్నపిల్లాడిలా చేస్తున్నారు" అని ఆవిడ నవ్వింది.

ఇంకోసారి మొదలుపెట్టాం. ఈసారి దగ్గూ లేదు, కుర్చీ చప్పుడూ లేదు. హెడ్‌ఫోన్లలో గది మౌనం చెవినిండా నిండింది. ఆ మౌనం నాకు తెలుసు. ఆసుపత్రి నుంచి ఒక్కణ్ణే ఇంటికొచ్చి తలుపు తీసిన రోజు విన్నది అదే. లోపలికి అడుగుపెట్టబుద్ధి కాక చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. అదంతా మళ్లీ మీదకొచ్చేసింది. హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేశాను.

"ఇక చాలు. నావల్ల కాదు" అన్నాను.

"నాక్కూడా చాలు సార్" అంది ఆవిడ, నెమ్మదిగా. "పాస్టరుగారికి చెప్దామనుకున్నా, మీకే ముందు చెప్తున్నా. ఇదే ఆఖరు. వచ్చే వారం నుంచి నేను రాను."

"నేను చుక్కలు కోసేశానని కోపమా?"

"అయ్యో, మీ మీద కోపమేంటి. మొన్న ఆదివారం ఒకమ్మాయి వచ్చి నా చేతులు పట్టుకుంది సార్. 'అమ్మగారూ, మీ గొంతు వింటేనే నాకు నిద్ర పడుతోంది. మీరెంత శాంతిగా ఉంటారో' అంది. ఇంటికెళ్లి తలుపు తీస్తే ఏముంది? ఒక మంచం, ఒక కుర్చీ, నేను. సరే, నేనూ ఆ ధ్యానం పెట్టుకుని విందామని కళ్లు మూసుకున్నా. నా గొంతు నాకే చెప్తుంటే ఏమనిపిస్తుంది చెప్పండి? దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడంటే, ఇంకెవరికో చెప్తున్నట్టుంది. స్టేషన్లో ఉన్నన్నాళ్లూ ఇంతే. అందర్నీ బండి ఎక్కించాను. నేను ఎక్కలేదు. ఇక్కడ కూడా అదే పని చేస్తున్నా. లోపల లేని శాంతి గొంతులో పెట్టి చెప్పడం అబద్ధం కదా సార్?"

ఓదార్చడం నాకు చేతకాదు. మనసులో మాత్రం ఒకటే తిరుగుతోంది. ఈవిడ రాకపోతే ఇక వారమంతా ఒకే రంగు. మళ్లీ టీవీ, రేడియో, కుళాయి చుక్క. నాతో మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు. భయమేసింది. ఈ వయసులో అంత భయం వేస్తుందని నేననుకోలేదు. నాకో పుట్టుబుద్ధి ఉంది, భయమేస్తే కోపమొస్తుంది.

ఆవిడ ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని లేవబోయింది.

"కూర్చోండి!" అని అరిచాను. పరుపులు కొట్టిన గది కాబట్టి సరిపోయింది. "మీ గొంతు మీకు పనిచేయకపోతే ఇంకో గొంతు పెట్టుకోవాలి గానీ, మానేస్తారా ఎవరైనా? కూర్చోండి. నేను చదువుతా."

"మీరా?"

"ఏం, నాకు నోరు లేదా?"

"నోరుంది సార్. గొంతే..."

"తెలుసు. డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టుంటుంది. దేవుడు సర్దుకుంటాడు. మీరూ సర్దుకోండి."

ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చినట్టుంది. సంచి కింద పెట్టింది. నేను మైకు తీసి పక్కన పెట్టి, ఆవిడ కాగితం లాక్కుని, కళ్లజోడు సవరించుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది.

చదవడం మొదలుపెట్టాను. ఊపిరి పీల్చుకో, వదులు, భుజాలు సడలించు, భయాలన్నీ ఆయన కాళ్ల దగ్గర పెట్టు. గబగబా లాగించేస్తున్నాను. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"సార్, ఎవరో తరుముతున్నట్టుంది. సబ్బులు అమ్మట్లేదు మీరు."

"సరే సరే, కళ్లు మూసుకోండి."

నెమ్మదించాను. ఒక వాక్యం చదివి ఆగి, ఆవిడ ఊపిరి తీసుకునేదాకా చూసి, అప్పుడు ఇంకోటి చదివాను. ఇలా ఎవరి ఊపిరి కోసమూ నేనెప్పుడూ ఆగలేదు. చదువుతూ చదువుతూ "ఇప్పుడు దేవుడు నిన్ను పిలుస్తున్నాడు" అన్న చోటికి వచ్చాను. చుక్కలు. ఆగాను.

ఆవిడ కళ్లు తెరవకుండానే అంది. "నా పేరు నేను తలుచుకుంటే లాభం లేదు సార్. ఇంట్లో చేసి చూశాను. మీరే పిలవండి."

నోరు తెరిచాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ పేరు నాకు తెలియదు. ఇన్ని వారాలు ఆవిడ టీ తాగాను, ఆవిడ గొంతులో ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో కూడా నాకు కంఠతా వచ్చు. పేరు మాత్రం అడగలేదు. ఎదురుగా మేడమ్ అన్నాను, మనసులో అనౌన్సరమ్మ అనుకున్నాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"మీ పేరేంటి మేడమ్?" అన్నాను.

ఆవిడ ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువును వెతుక్కుంటున్నట్టు నుదురు ముడిచింది. "అమ్మ పోయాక ఎవరూ పిలవలేదు సార్. పెన్షనాఫీసులో పిలుస్తారు, అదీ ఇంటిపేరుతో కలిపి అరుస్తారు" అంది. తర్వాత చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. నాకు చెప్పింది గానీ ఊరందరికీ కాదు.

కాగితం వైపు చూశాను. ఆవిడ పేరు పిలిచి, "నువ్వంటే నాకు ప్రాణం" అనాలి. ఈ మాట నేను కట్టుకున్నదానితో కూడా ఎప్పుడూ అనలేదు. తనకు తెలుసులే అనుకున్నాను. ఇది నా మాట కాదు, నేను ఉత్త స్పీకరు డబ్బాని అని ధైర్యం చెప్పుకున్నాను. గొంతు సవరించుకుని, పేరు పిలిచాను.

"...నువ్వంటే నాకు ప్రాణం. నువ్వేదో సాధించావని కాదు. నువ్వు నా బిడ్డవని."

సగంలో కాగితం వదిలేసి ఆవిడ మొహంలోకి చూశాను. స్పీకరు డబ్బా అలా చూడదు. చెప్పేవాడు నిజంగా దేవుడే అయితే, ఎదురుగా కూర్చున్న ఈ మనిషిని చూసి ఆయన చెప్పేది ఇదే అని నాకు తట్టింది. అంతవరకూ ఆ కాగితంలోవన్నీ నాకు పదాలు. ఎక్కడ కత్తిరించాలా అని చూసుకునే పదాలు.

ఆవిడ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఒళ్లో బిగించి పట్టుకున్న చేతులు వదులయ్యాయి. నేను కాగితం పట్టుకుని అలాగే కూర్చున్నాను. గదిలో చప్పుడు లేదు. దగ్గు రాలేదు నాకు. ఎంతసేపో తెలియదు, లెక్క చూసుకోలేదు. తర్వాత మిగిలిన రెండు వాక్యాలూ చదివి ముగించాను.

ఆవిడ కళ్లు తెరిచి, కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది సార్" అంది. కూర్చున్నది నేనే కదా అనబోయి, ఎందుకో నోరు మూసుకున్నాను.

"ఇప్పుడు మీరు" అంది.

"నాకెందుకు? నాకలాంటివేం లేవు. పైగా టైమైపోయింది, తాళాలు వేసుకోవాలి."

"కూర్చోండి" అంది, స్టేషన్ మొత్తాన్నీ నిలబెట్టిన గొంతుతో. కూర్చున్నాను. కాగితం తీసుకుంది. "మీ పేరేంటి?"

చెప్పాను. కళ్లు మూసుకున్నాను. ఆవిడ చదువుతుంటే మొదట్లో పక్కా రికార్డింగు మనిషిలా విన్నాను. ఇక్కడ ఊపిరి గట్టిగా తీసింది, ఇక్కడ స అక్షరం బుసకొట్టింది. భయాలు ఆయన కాళ్ల దగ్గర పెట్టమన్న చోట మాత్రం, నా దగ్గరున్నది ఒకటే భయం, అది పెట్టేశాను. ఈవిడ మళ్లీ రాదేమోనని. "ఇప్పుడు దేవుడు నిన్ను పిలుస్తున్నాడు" అంది. ఆగింది. ఆ తర్వాత నా పేరు పిలిచింది.

మా ఆవిడ కాపురం చేసినన్నాళ్లూ నన్ను ఏమండీ అనే పిలిచింది. ఆవిడ నోట నా పేరు వచ్చేది ఒక్కచోటే. ప్రార్థనలో. దేవుడితో ఏమండీ అంటే ఎవరనుకుంటాడు? అందుకని పేరు పెట్టి చెప్పేది. ఫలానా ఆయన మోకాలి నొప్పి తగ్గించు ప్రభువా, ఆయన కోపం కూడా తగ్గించు, ఆయన్ని ఒంటరిగా వదలకు, అని. పక్కన కూర్చుని, ఎప్పుడు ముగిస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. ఆవిడ పోయినప్పటి నుంచి దేవుడి దగ్గర నా పేరు ఎత్తే మనిషి లేదని, ఆయన నన్ను ఈపాటికి మర్చిపోయే ఉంటాడని లోపల నమ్ముతూ బతుకుతున్నాను. అలా నమ్ముతున్నానని ఆ క్షణం దాకా నాకే తెలియదు.

"నువ్వంటే నాకు ప్రాణం" అంది ఆ గొంతు.

భోరుమన్నాను. నేను ఏడిస్తే గులకరాళ్ల డబ్బా దొర్లినట్టే ఉంటుంది, వినడానికి ఏం బాగుండదు. ఆగడానికి చూశాను, ఆగలేదు. పాపం ఆవిడకు అక్కడ చదవాల్సిన వాక్యాలు ఇంకా ఉన్నాయి. గదిలో ఉక్కపోత, చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముక్కు చీదుకుంటూ, "కానివ్వండి, తర్వాతది చదవండి" అన్నాను.

ఆవిడ చదవలేదు. కాగితం బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"తొందరేం లేదు" అంది, మళ్లీ నా పేరు పెట్టి.